నల్లసరస్సు మీది కొయ్యలు

కిందటి వారం రిస్టెన్‌ని నల్లసరస్సు నడుమ, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. రిస్టెన్ ఉత్తరాది మంచుదేశంలో, ఫిన్‌మార్క్ పీఠభూమిలో పుట్టి పెరిగిన మనిషి. శీతాకాలమంతా పర్యాటకులను ఇంజినుతో నడిచే మంచుబండ్ల మీద గడ్డకట్టిన సరస్సు దాటించి, అవతలి ఒడ్డున చారు తాగించి, క్షేమంగా వెనక్కి తీసుకురావడం ఆమె పని. రెండేళ్ల కిందట ఆమె భర్త నీలాస్ ఇదే సరస్సులో బండితో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. దారి మూసేసి, గుర్తుగా నాటిన కొయ్యలు పీకేశాక కూడా తాగిన మత్తులో మంచుగడ్డ మీదికి పోయాడని ఊరు తేల్చేసింది. రిస్టెన్ కూడా అదే నమ్మింది. ఇవాళ, ఈ ఏటి ఆఖరి యాత్రలో, మార్లీస్ అనే డచ్చావిడ కాఫీ ఊదుకుంటూ యథాలాపంగా ఒక మాట అనేసింది. "రెండేళ్ల కిందట కూడా ఆఖరి గుంపు మాదే. మా కోసమే కొయ్యలు తీయకుండా ఆపించానని మీ యజమాని ఓడ్వార్ గొప్పగా చెప్పుకున్నాడు. మేం దాటిన రోజు సాయంత్రమే ఎవరో మునిగిపోయారట, పాపం."

ఆ మాట విన్నాక రిస్టెన్ ఏం చేసిందో చెబితే మీకు నమ్మబుద్ధి కాదు. ఏమీ చేయలేదు. కప్పులు ఏరి సంచిలో పెట్టింది. హెల్మెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూసింది. పొద్దున షెడ్డు ముందు చెప్పిన పాఠమే మళ్లీ అప్పజెప్పింది. బొటనవేలితో మీట మెల్లగా నొక్కండి, బండి దానంతటదే ఉరుకుతుంది. ఒరిగితే కాలు కింద పెట్టకండి, విరుగుతుంది. ఒళ్లు ఎత్తువైపు వాల్చండి. నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆగండి, మీరూ ఎత్తండి, వెనకవాళ్లకి కనపడాలి. మీ వెనక లైటు కనపడకపోతే అంగుళం కూడా కదలకండి. దీని తర్వాతి వాక్యం ఆమె ఇన్నేళ్లుగా నిద్రలో లేపినా చెప్పగలదు: కొయ్యల వెంబడే రండి, కొయ్య ఉన్నంతమేరా కింద గడ్డ గట్టిది. ఇవాళ అందులో మొదటి సగమే నోట్లోంచి వచ్చింది. రెండో సగం చెప్పకుండానే బండెక్కింది.

ఈ కొయ్యల సంగతి కొంచెం చెప్పాలి. చలికాలం ముదిరి సరస్సు గడ్డకట్టగానే, నీలాస్ వాళ్ల అన్న మాహ్తె గడ్డకి చిల్లులు పొడిచి, మనిషెత్తు బిర్చి కొయ్యలు బారుగా నాటుకుంటూ పోతాడు. అంతకుముందు వాళ్ల నాన్న నాటేవాడు, ఆయనకి ముందు వాళ్ల తాత. వసంతంలో గడ్డ మెత్తబడే సూచన కనపడగానే ఆ ఇంటివాళ్లే పీకేస్తారు. దారి మొదట్లో రెండు కొయ్యలు అడ్డంగా పెడతారు. వేరే ఎవరూ వాటిమీద చెయ్యి వేయరు. ఇంకో సంగతి, ఎవరూ అడగరు కూడా. కొయ్య నాటినవాణ్ణి పట్టుకుని "గడ్డ గట్టిదేనా?" అనడం, ఒక మనిషిని నీకెన్ని రెయిన్‌డీర్లున్నాయి అని అడగడమంత మర్యాద తక్కువ పని. పక్క ఊళ్లవాళ్లు గొడ్డలితో కొట్టి చూసుకుంటారు, మరతో చిల్లు తొలిచి మందం కొలుచుకుంటారు. నల్లసరస్సు ఒడ్డువాళ్లు మాత్రం కొయ్య వంక చూసి బండి దూకిస్తారు. అది వాళ్ల ధీమా, వాళ్ల తెలివితక్కువతనం కూడానూ.

అవతలి ఒడ్డున గుడారంలోంచి పొగ లేస్తోంది. మాహ్తె బయట నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, దిట్టంగా, మాట పొదుపు. తమ్ముడు పోయిన దగ్గరనుంచి రిస్టెన్ పొయ్యిలో మండే ప్రతి కట్టే అతను కొట్టిందే. శరత్కాలంలో మాంసం అతనే తెచ్చి అటక మీద వేలాడదీసి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయేవాడు. ఎంత మంచివాడో అనుకునేది రిస్టెన్. ఇప్పుడు ఆ కట్టెలకీ, ఆ మాంసానికీ వేరే లెక్కేదో ఉందేమో అనిపించింది.

"ఆలస్యమైందే అమ్మాయ్. చారు రెండుసార్లు వేడిచేశాను," అన్నాడు మాహ్తె.

"మధ్యలో కాఫీకి ఆగాం బావగారూ."

యాత్రికులు ఆరుగురూ కాళ్లు ఎడంగా వేసుకుంటూ గుడారంలోకి నడిచారు. కనురెప్పల మీద మంచు పేరుకుని అందరూ ఒక్కసారి ముసలివాళ్లయిపోయినట్టున్నారు. మార్లీస్ మొగుడు కూస్ దారిలో రెండుసార్లు బండి మీదనుంచి దొర్లాడు. "ఈ బొటనవేలు ఇక నాది కాదు, బండిదే," అని వేలు చూపించి అందర్నీ నవ్వించాడు. తోళ్ల మీద కూలబడి చేతులు మంటకి చాపుకున్నారు. మాహ్తె చారు వడ్డించడం మొదలుపెట్టాడు. మాంసం, బంగాళాదుంపలు, కేరట్ ముక్కలు, అంతే. చలిలో పడొచ్చినవాళ్లకి అదే అమృతం.

రిస్టెన్ గిన్నెలు అందిస్తూ, అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, తమ భాషలో, పెరుగు అడిగినంత మామూలుగా అడిగింది.

"బావగారూ, రెండేళ్ల కిందట కొయ్యలు ఎప్పుడు తీశారు?"

గరిటె ఆగింది. మళ్లీ కదిలింది.

"ఇప్పుడెందుకా సంగతి?"

"ఊరికే అడుగుతున్నాను."

"పోలీసులకి చెప్పాను కదమ్మా, నువ్వూ అక్కడే ఉన్నావు. మూడ్రోజుల ముందే తీసేశాను."

"ఆ ఎర్రటోపీ ఆవిడా, పక్కన ఆయనా, ఆ రోజే కొయ్యల వెంట సరస్సు దాటారట. ఓడ్వార్ వాళ్ల కోసమే ఆపించాడట."

మాహ్తె తలెత్తి మార్లీస్ వైపు చూశాడు. ఆవిడ తనని గుర్తుపట్టాడనుకుని మురిసిపోయి గిన్నె పైకెత్తింది. "అద్భుతంగా ఉంది!" అంది ఇంగ్లీషులో. మాహ్తె తల ఊపాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాళ్లకేం గుర్తుంటుంది? ఎన్ని దేశాలు తిరుగుతారో! ఇంకెక్కడో చూసిన కొయ్యలయ్యుంటాయి."

"ఒట్టేసి చెప్పండి."

"రిస్టెన్, జనం ఉన్నారు."

"వాళ్లకి మన మాట తెలీదు. మీ అమ్మ మీద, అత్తమ్మ మీద ఒట్టేసి చెప్పండి, కొయ్యలు లేవని. చెప్పేస్తే నోరు మూసుకుంటాను. ఇంకెప్పుడూ అడగను."

మాహ్తె గరిటె కుండ మీద పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఎంతసేపటికీ ఒట్టు వేయలేదు. మంటలో కట్టె చిటపటలాడితే కూస్ ఉలిక్కిపడ్డాడు, అందరూ మళ్లీ నవ్వారు.

"ఏం మాట్లాడుకుంటున్నారు? మీ భాష వింటుంటే పాటలా ఉంది," అంది మార్లీస్.

"చారులో ఉప్పు ఎక్కువైందంటున్నాను," అంది రిస్టెన్.

"లేదు లేదు, సరిపోయింది!" అని అందరూ మాహ్తెని వెనకేసుకొచ్చారు.

రిస్టెన్ లేచి బయటికి నడిచింది. కాసేపటికి మాహ్తె వచ్చాడు. గాలి దక్షిణం నుంచి వీస్తోంది, వెచ్చగా. చలిదేశంలో ఆ వెచ్చదనమంత పాడుది ఇంకోటి లేదు. కొయ్యలు ఒడ్డునుంచి సరస్సులోకి బారుగా పోయి, దూరాన రెండు కొండల నడుమ ఇరుకులో కలిసిపోతున్నాయి.

"ఉన్నాయి," అన్నాడు మాహ్తె. "కొయ్యలు ఉన్నాయి. శనివారం దాకా ఉంచమని ఓడ్వార్ బతిమాలాడు. ఒక్క గుంపే కదా అన్నాడు. పొద్దుటి పూట గడ్డ బిగిసి ఉంటుంది, దాటేస్తార్లే అనుకున్నాను. వాళ్లు దాటారు కూడా. సాయంత్రం తీసేద్దామని బయల్దేరాను. రెయిన్‌డీర్ల మంద దగ్గరనుంచి వాడు ఆ రోజు దిగి వస్తాడని నాకు తెలీదు. మంచు కురుస్తోంది, రెండు బారల దూరం కనపడట్లేదు. వాడికి కొయ్యలు మాత్రం కనపడ్డాయి."

"ఆయన తాగలేదు."

"చుక్క కూడా తాగలేదు."

రెండేళ్లుగా రిస్టెన్ భర్త కోసం ఏడ్చింది తక్కువ, తిట్టింది ఎక్కువ. ఇంత సిగ్గు లేకుండా చచ్చావేమిరా, పెళ్లాన్ని, ముసలి తల్లిని నట్టేట వదిలి సీసా కోసం పోయావా అని, గోడకి వేలాడే అతని కోటుని చూసి తిట్టేది. ఒకరోజు పట్టలేక ఆ కోటు తీసి ఎవరికో ఇచ్చేసింది. అతను ఇంటికి రావడానికి దగ్గరదారి పట్టాడు. అంతే. అన్న నాటిన కొయ్యని నమ్మాడు.

"మీరు ఊరందరి ముందూ కూర్చుని విన్నారు," అంది. "చర్చి బయట తాగుబోతన్నారు. దుకాణంలో అన్నారు. మీ ఇంట్లో, మీ బల్ల దగ్గర, నా నోటితో నేనన్నాను. మీరు రొట్టెకి వెన్న రాసుకుంటూ విన్నారు."

"విన్నాను."

"నువ్వు మనిషివేనా?"

మాహ్తెని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి. అతను దానికి చెంపదెబ్బ తిన్నవాడిలా ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ మాట తప్పించుకోలేదు. ఒకసారి తెరుచుకున్న నోరు ఇక మూతపడలేదనుకోండి.

"ఇంజిను మోత విన్నాను. తర్వాత వినపడలేదు. ఇరుకు దగ్గరికి పరిగెత్తాను. బండి లేదు. వాడున్నాడు. మోచేతులు గడ్డ అంచు మీద వేసి ఉన్నాడు."

రిస్టెన్ అతని వైపు ఒకడుగు వేసింది. "బతికి?"

"బతికే. తాడు విసిరాను. చేతి మీదే పడింది. వేళ్లు ముడుచుకోలేదమ్మా. మళ్లీ విసిరాను. వాడు తాడు వంక చూస్తున్నాడు గానీ వేళ్లు కదలట్లేదు. పడుకుని పాక్కుంటూ పోయాను. నా కింద కూడా పగులు పాకింది. అప్పుడన్నాడు. 'అన్నా, రాకు. అమ్మకి ఇద్దరం లేకుండా చెయ్యకు. వెనక్కి పో' అన్నాడు. కోప్పడినట్టే అన్నాడు."

"నువ్వు వెనక్కి తిరిగావు."

"తిరిగాను."

కొండ అంచున కాకి ఒకటి అరుస్తూ పోయింది. గుడారంలో ఎవరో కెమెరా ముందు నిలబడమని ఎవర్నో పిలుస్తున్నారు.

"తర్వాత కొయ్యలన్నీ పీకేశాను. దారికి అడ్డం పెట్టాను. మూడ్రోజుల ముందే తీశానని చెప్పాను. ఇరుకు దగ్గర వెతికితే కొయ్యల చిల్లులు కనపడతాయని భయమేసింది, ఉత్తరం మూల చూపించాను. వారం రోజులు అక్కడే వెతికారు. నువ్వూ ఒడ్డున కూర్చున్నావు."

"అక్కడ కూర్చుని ఆయనకి దండం పెట్టుకున్నాను," అంది రిస్టెన్. "ఖాళీ నీళ్లకి."

ఇంకొకతె అయితే మీద పడి రక్కేదేమో. రిస్టెన్‌కి అంత ఓపిక కూడా మిగల్లేదు. తెలిసి ఏం లాభం? ఇరుకులో ప్రవాహం ఎంత జోరుగా ఉంటుందో ఆమెకి తెలుసు. రెండు వసంతాలు గడిచాయి. అక్కడ ఇప్పుడు వెతకడానికి ఏమీ ఉండదు. ఊరికి నిజం చెబితే నీలాస్ మీద మచ్చ పోతుంది, కానీ ఎనభై ఏళ్ల అత్తమ్మకి మిగిలిన ఒక్క కొడుకూ పోతాడు. చెప్పకపోతే మచ్చ అలాగే ఉంటుంది. ఏ వైపు తిరిగినా దారి మూసే ఉంది. అప్పుడే ఆమె చూపు మళ్లీ సరస్సు మీద పడింది, బారుగా నిలబడ్డ కొయ్యల మీద.

"ఇవాళ్టివి?" అంది.

మాహ్తె సరస్సు వైపు మొహం తిప్పుకున్నాడు.

"నిన్నే. ఇవాళ ఆరుగురిని వెంటేసుకుని వచ్చాను ఆ కొయ్యల మధ్యనుంచి. అవి నమ్మదగ్గవేనా?"

"పొద్దున గట్టిగానే ఉంది. మొన్ననే తీసేద్దామనుకున్నాను. ఓడ్వార్ ఇవాళ్టి గుంపు దాకా..."

"మళ్లీనా?"

"గాలి ఇలా తిరుగుతుందనుకోలేదు."

"తమ్ముణ్ణి పోగొట్టుకున్నాక కూడా మళ్లీనా!"

ఒకసారి కాదనలేనివాడు రెండోసారి కూడా కాదనలేడు. మొదటిది ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతారేమోనని రెండోది కూడా ఒప్పుకుంటాడు. మాహ్తె మెత్తని మనిషి. ఆ మెత్తదనమే ఇంతమంది ప్రాణం మీదికి తెచ్చింది.

రిస్టెన్ గుడారంలోకి వెళ్లి, మొహం మీద నవ్వు తెచ్చుకుని, వెళ్లేటప్పుడు వేరే దారిన, కొండ మీదుగా పోతామని చెప్పింది. చుట్టు దారి, కాస్త కష్టంగా ఉంటుంది, చెట్ల మధ్య నెమ్మదిగా నడపాలి, పక్కవాలులో ఒళ్లు ఎత్తువైపు వాల్చడం మరిచిపోకండి అంది. కూస్ మొహం వేలాడేశాడు. "సరస్సు మీదే హాయిగా ఉంది కదండీ! అక్కడైతే నేను పడలేదు."

"పడ్డావు, ఒకసారి," అంది మార్లీస్.

అందరినీ బయటికి తెచ్చి, జిప్పులు మెడ దాకా లాగించి, చేతొడుగులు తొడిగించి, బండ్లు కొండవైపు తిప్పించేసరికి వెనకనుంచి ఇంజిను మోత వినపడింది. మాహ్తె తన పాత బండి వెనక మంచు మీద జారే సామాన్ల బల్ల తగిలించుకుని, గొడ్డలి దానిమీద పడేసి, ఒడ్డు దిగుతున్నాడు.

మొదటి కొయ్య దగ్గర ఆగాడు. ఇంజిను కట్టేశాడు. కొయ్యని రెండు చేతులా ఊపి పీకి బల్ల మీద పడేశాడు. ఒకసారి ఒడ్డువైపు తిరిగి చూశాడు. మళ్లీ ఎక్కాడు.

"ఏం చేస్తున్నాడాయన?" అంది మార్లీస్.

"దారి మూసేస్తున్నాడు."

"మనం పోయాక మూయొచ్చు కదా. అంత తొందరేం?"

రిస్టెన్ సరస్సు వంకే చూస్తోంది. ఈ ఒడ్డు దగ్గర నాలుగు కొయ్యలు పీకి, రెండు అడ్డంగా పెట్టి, కొండ మీదుగా పోయి అవతలి ఒడ్డున కూడా అదే చేస్తే దారి మూసినట్టే. మిగతావి గడ్డతోపాటే కరిగి కొట్టుకుపోతాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు, మాహ్తెకి ఇంకా బాగా తెలుసు. అయినా అతను రెండోది పీకాడు, మూడోది పీకాడు, ఐదోది దాటి పోతున్నాడు. ప్రతిచోటా ఇంజిను కట్టేస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో మామూలు గొంతుతో పిలిచినా సరస్సు మీద స్పష్టంగా వినపడుతుంది. ప్రతిచోటా కొయ్య బల్ల మీద పడేశాక, ఒడ్డువైపు తిరిగి, ఒక ఊపిరి పీల్చి వదిలేటంతసేపు నిలబడుతున్నాడు.

ఏ మాట కోసం నిలబడుతున్నాడో ఆమెకి అర్థమైంది. అమ్మకి ఇద్దరూ లేకుండా చెయ్యకు, వెనక్కి రా. అంతే అనాలి. ఆ మాట నీటిలో మునిగిపోతున్నవాడు అనగలిగాడు. ఒడ్డున గట్టి నేల మీద నిలబడ్డ తనకి నోరు పెగలడం లేదు. అత్తమ్మ కళ్ల ముందు మెదిలింది. ముసలావిడ ఈపాటికి బంగాళాదుంపలు ఒలిచి, పెద్దకొడుకు ఇవాళ భోజనానికి వస్తాడని అతని పళ్లెం ముందే పెట్టి ఉంటుంది. ఆ వెంటే ఇంకెవరి ఇంట్లోనో, ఇంకెవరి ఒంటిమీదో ఉన్న నీలాస్ కోటు గుర్తొచ్చింది. పళ్లు బిగుసుకున్నాయి.

"ఎవరైనా ఆయనకి సాయం వెళ్లాలేమో," అన్నాడు కూస్, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని. ఇప్పుడతను నవ్వడం లేదు. "రిస్టెన్ గారూ, అక్కడ నీళ్లు మెరుస్తున్నట్టున్నాయే?"

ఇరుకు మొదట్లో మాహ్తె బండి ఆపాడు. కొయ్య పీకాడు. ఈసారి ఎక్కువసేపు నిలబడ్డాడు, చేతులు వేలాడేసుకుని, ఒడ్డువైపే చూస్తూ. గాలి కూడా ఆగినట్టనిపించింది. రిస్టెన్ నోరు తెరిచింది. "మా..." అని ఏదో వచ్చింది. ఆ ధ్వని పక్కనున్న మార్లీస్‌కి కూడా వినపడలేదు.

మాహ్తె బండెక్కాడు. తర్వాతి కొయ్య దగ్గర అతను ఆగలేదు.